నాలుగు నెలల కుందేలు పిల్ల: వైర్లు కొరికేస్తోంది, కార్పెట్ తవ్వేస్తోంది, ఏం చేయాలి?

కొత్తకుందేలు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఒక కుందేలు పిల్ల ఉంది, పేరు దూది, వయసు నాలుగు నెలలు. మగది అని చెప్పి ఇచ్చారు. వచ్చిన మొదటి నెలంతా ఎంత బుద్ధిగా ఉండేదో చెప్పలేను, పక్కన కూర్చుంటే కాలికి ఆనుకుని అలాగే నిద్రపోయేది. రెండు వారాలుగా మాత్రం ఇది వేరే కుందేలేమో అనిపిస్తోంది. ఫోన్ ఛార్జర్ వైరు రెండుసార్లు తెంపేసింది, రెండోసారి వైరు ప్లగ్గులోనే ఉంది, స్విచ్ ఆపి ఉంది కాబట్టి సరిపోయింది, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. తెల్లవారుజామునే లేచి కార్పెట్ మూల పట్టుకుని ముందుకాళ్లతో గీకుతూనే ఉంటుంది. సోఫా అడుగు గుడ్డ చింపి లోపలికి దూరింది, బయటికి రప్పించడానికి గంట పట్టింది. రాత్రిళ్లు బోను ఊచలు కొరికే చప్పుడుకి ఎవరికీ నిద్ర లేదు.

నిన్న కోపంలో దాని ముక్కు మీద చిన్నగా కొట్టాను, గట్టిగా అరిచాను. ఇప్పుడు నేను దగ్గరికి వెళ్తే మంచం కిందికి పారిపోతోంది. వైర్లు, కార్పెట్ కన్నా నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఇంట్లో వాళ్లు ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారు. నాకు ఇవ్వాలని లేదు. ఈ కొరకడం, తవ్వడం మానిపించే దారి ఏమైనా ఉంటే చెప్పండి.

గడ్డిమోపు:
మానిపించే దారి లేదండి, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఆ దారి వెతుక్కుంటూ నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఎక్కడ కొరకాలి, ఎక్కడ తవ్వాలి అన్నది మాత్రం మనం మార్చగలం. మనం పెంచుకునే కుందేళ్లన్నీ యూరప్ అడవి కుందేలు సంతతే. అవి నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికేవి. పళ్లూ ముందుకాళ్లూ వాటికి ఇల్లు కట్టుకునే పనిముట్లు. దాన్ని తవ్వొద్దనడం కుక్కని వాసన చూడొద్దనడం లాంటిది.

ముక్కు మీద కొట్టడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. మీరు తిడుతున్నది వైరు గురించి అని దానికి అర్థం కాదు, మీరంటే భయం అన్నది ఒక్కటే మిగులుతుంది. ఆ భయం పోతుంది, బెంగపడకండి. రోజూ కాసేపు నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి, దాని వైపు చూడొద్దు, చెయ్యి చాచొద్దు, అదే వచ్చి వాసన చూస్తుంది.

కొన్ని అడగాలి. బోను ఎంత ఉంది? రోజుకి ఎన్ని గంటలు బయట తిరుగుతుంది? ఎండుగడ్డి ఎంత తింటోంది? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా?

కొత్తకుందేలు:
గడ్డిమోపు గారూ, చాలా థ్యాంక్స్. బోను సుమారు మీటరు పొడవు ఉంటుంది. సాయంత్రం రెండు గంటలు బయటికి వదులుతాం. ఎక్కువగా పెల్లెట్లు (కొట్లో దొరికే గుళికల మేత) తింటుంది, ఎండుగడ్డి రోజుకి గుప్పెడు వేస్తాను, అది కూడా సగం తొక్కేస్తుంది. ఆపరేషన్ కాలేదు, మగదే కదా, ఒక్కటే కదా అని దాని గురించి ఆలోచించలేదు.

మూడోఅంతస్తు:
మాది కూడా ఆ వయసులో ఇంతే చేసింది. పళ్లు పెరుగుతూ ఉంటాయి కదా, అందుకే కొరుకుతాయి. ఒక గట్టి చెక్క ముక్క బోనులో పడేస్తే పళ్లు అరిగి ఊరుకుంటుంది. వైర్లకి కారం నీళ్లు రాయండి, ఒకసారి నోరు మండితే మళ్లీ రాదు. తప్పు చేసినప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టండి.

రెండుచెవులు:
కారం వద్దండి, దయచేసి. దాని ముక్కు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, ముందుకాళ్లతో మొహం తుడుచుకుంటుంది, ఆ కారం నేరుగా కళ్లలోకి పోతుంది. చేదు స్ప్రేలు దొరుకుతాయి గానీ నా రెండు కుందేళ్లలో ఒకటి ఆ చేదుని ఇష్టంగా నాకేది, కాబట్టి వైర్ల విషయంలో ప్రాణం స్ప్రేకి అప్పగించలేం.

వైర్ల సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో మాత్రం నిదానంగా నేర్పుదాం అనే వీల్లేదు. బొరియ తవ్వుతుంటే అడ్డొచ్చిన వేరుని కుందేలు ఒక్క కొరుకుతో తెంపి పక్కన పడేస్తుంది. నేల మీద పాకుతున్న వైరు దాని కంటికి వేరు లాగే ఉంటుంది. అందుకే అది నమలదు, కత్తిరించినట్టు ఒక్క క్షణంలో తెంపేస్తుంది, మనం చూసేలోపే అయిపోతుంది. కరెంటు ఉన్న వైరైతే నోరు కాలుతుంది, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కూడా ఉంటుంది, కాబట్టి పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే.

నేను చేసింది ఇది: ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకి ఆనించినంత కిందికి వంచి గదంతా చూశాను. నిలబడితే కనిపించని వైర్లు పదకొండు కనిపించాయి. తీసేయగలిగినవి తీసేశాను, పైకి ఎత్తగలిగినవి గోడ వెంట పైకి కట్టాను. మిగిలిన వాటికి గట్టి ప్లాస్టిక్ పైపు, గోడ పక్కన వెళ్లేవాటికి మూత ఉండే చదరపు కేసింగ్. మెత్తటి చుట్టల గొట్టాలు కూడా అమ్ముతారు, అవి నాలుగు రోజుల కన్నా ఆగలేదు. టీవీ వెనకాల, ఫ్రిజ్ వెనకాల పైపులు వేసినా లాభం లేదు, అక్కడికి అసలు వెళ్లకుండా అడ్డు పెట్టడమే. కుండీల్లో మొక్కలుంటే అవి కూడా చూసుకోండి. గన్నేరు, లిల్లీ, డిఫెన్‌బాకియా లాంటివి దాని నోటికి అందకూడదు, రాలిన ఆకు కూడా.

పశువైద్యవిద్యార్థి:
పళ్ల గురించి ఒక అపోహ ఉంది, అది తీర్చాలి. మూడోఅంతస్తు గారు చెప్పినట్టు పళ్లు జీవితాంతం పెరుగుతాయన్నది నిజమే. కుందేలుకి 28 పళ్లు, ముందు పళ్లే కాదు, దవడ పళ్లు కూడా పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు, కింది పళ్లు ఇంకాస్త వేగంగా పెరుగుతాయి. కానీ చెక్క కొరికితే అరిగేవి ముందు పళ్లే. ఎక్కువ కుందేళ్లకి కష్టం తెచ్చిపెట్టేవి లోపలి దవడ పళ్లు. అవి అరగాలంటే దవడ పక్కకి పక్కకి కదులుతూ గంటల తరబడి నమలాలి, అలా నమిలించేది పొడవాటి గడ్డి మాత్రమే. పెల్లెట్లు నాలుగు నమిలితే పొడి అయిపోతాయి, పళ్లకి పనే ఉండదు. రోజంతా గడ్డి నమలాల్సిన జంతువుకి పావుగంటలో కడుపు నిండిపోతే మిగతా సమయమంతా ఆ నోరు ఏం చేయాలి? బోను ఊచలు, కార్పెట్, సోఫా.

తినేదాంట్లో చాలా భాగం గడ్డే కావాలి, దాని ఒళ్లంత మోపు రోజుకి వేసినా ఎక్కువ కాదు. గడ్డి రకాల విషయానికొస్తే, పెరిగే వయసులో అల్ఫాల్ఫా ఇవ్వొచ్చు, ఆరేడు నెలలు వచ్చేసరికి మెల్లగా తగ్గించి టిమోతీ లాంటి మామూలు గడ్డికి మార్చాలి, లేకపోతే కాల్షియం, ప్రొటీన్ ఎక్కువైపోతాయి. పెల్లెట్లు ఒక్కసారిగా ఆపకండి, రెండు మూడు వారాల మీద తగ్గించండి.

ఇంకో మాట. చిన్నప్పుడు ఆడా మగా పోల్చడంలో పొరపాట్లు చాలా జరుగుతాయి. కుందేళ్లు చూసే డాక్టరు దగ్గర ఒకసారి ఖాయం చేసుకోండి.

మూడోఅంతస్తు:
గడ్డి సంగతి నాకు తెలీదు, మాదానికి పెల్లెట్లే ఎక్కువ వేస్తున్నాను, రేపటి నుంచి మారుస్తాను. కారం మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ చప్పట్లు మాత్రం మా ఇంట్లో పనిచేశాయి. తవ్వుతున్నప్పుడు కొడితే వెంటనే ఆగేది.

గడ్డిమోపు:
ఆగుతుందండి, కాదనను. కుందేలు ప్రమాదం కనిపించినప్పుడు వెనక కాళ్లతో నేలని దబ్‌మని కొట్టి మిగతా వాటికి చెబుతుంది. చప్పట్ల శబ్దం దానికి అలాగే వినిపిస్తుంది, గద్ద వచ్చిందేమో అని ఆగుతుంది, తవ్వకూడదు అని కాదు. రోజుకి పదిసార్లు గద్ద వచ్చే ఇంట్లో ఏ కుందేలూ నిమ్మళంగా ఉండదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని వాదించడం లేదు, నేనూ ఒకప్పుడు చప్పట్లు కొట్టినదాన్నే. ఇప్పుడు ఒకే మాట, ఒకే గొంతుతో "వద్దు" అంటాను, వెంటనే దాని ముందు కొరకదగింది ఏదైనా పెడతాను. వద్దు అన్న ప్రతిసారీ దాని వెనకాల ఒక "ఇదిగో" ఉండాలి.

కొత్తకుందేలు గారూ, మీ జవాబుల్లోనే సగం కారణం కనిపిస్తోంది. మీటరు బోనులో ఇరవై రెండు గంటలు. కుందేలు మూడు గంతులేసేంత చోటు కూడా అందులో లేదు. మామూలు సైజు కుందేళ్ల జంటకి కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు స్థలం ఎప్పుడూ అందుబాటులో ఉండాలని కుందేళ్ల సంక్షేమ సంస్థలు చెబుతాయి. అంత చోటు లేకపోతే మడత కంచె కొని గదిలో ఒక మూల కట్టేయండి, బోను తలుపు తీసేసి ఆ కంచెలోనే ఉంచండి, అది దానికి పడకగది అవుతుంది. రాత్రి ఊచలు కొరకడం చాలావరకు దీంతోనే పోతుంది. ఒక జాగ్రత్త: అది ఊచలు కొరుకుతున్నప్పుడు వెళ్లి తలుపు తీయకండి, కొరికితే తలుపు తెరుచుకుంటుందని ఒక్కరోజులో నేర్చుకుంటుంది. చప్పుడు ఆగిన క్షణంలో తీయండి.

కొత్తకుందేలు:
నేను చేస్తున్నది అదే అండి, చప్పుడు భరించలేక లేచి తలుపు తీసేవాణ్ణి. కంచె రేపే తెస్తాను. తవ్వడం గురించి కూడా ఎవరైనా చెప్పండి, కార్పెట్ మూల దారాలు లేచిపోయాయి.

గడ్డిమోపు:
తవ్వుడు పెట్టె. నాకు ఇష్టమైన విషయం ఇది, కాస్త పొడుగ్గా రాస్తాను.

కుందేలు కంగారు లేకుండా లోపల తిరగగలిగేంత పెద్ద అట్టపెట్టె తీసుకోండి. టేపు అంతా పీకేయండి, పిన్నులు ఉంటే తీసేయండి, నిగనిగలాడే రంగు పూత ఉన్న పెట్టె వద్దు. ఒక పక్క గుమ్మంలా కోయండి, కానీ నేల దాకా కోయకండి, అరచేయంత ఎత్తు గడప ఉంచండి, లేకపోతే లోపలిదంతా బయటికి వస్తుంది. మిగతా మూడు వైపులా ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే తవ్విందంతా అది వెనక కాళ్ల మధ్య నుంచి వెనక్కి విసురుతుంది. లోపల మొదట చింపిన కాగితాలు, గడ్డి. అది పట్టించుకోకపోతే కంగారు పడకండి, అడుగున రెండు కొత్తిమీర రెమ్మలు దాచండి, ఒక రెమ్మ సగం బయటికి కనిపించేలా ఉంచండి. మట్టి పోయాలంటే ఎరువూ మందూ కలపని మట్టి కావాలి. పిల్లలు ఆడుకునే కడిగిన ఇసుక కూడా బాగుంటుంది. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే ఇసుక మాత్రం వాడొద్దు, తింటే పొట్టలో ముద్దకడుతుంది.

పెట్టెని ఎక్కడ పెట్టాలన్నదే అసలు కిటుకు. నేను మొదట నాకు వీలుగా వరండాలో పెట్టాను, మా కుందేలు దాని మొహం కూడా చూడలేదు. అది రోజూ గీకే మూలలోనే, సరిగ్గా ఆ చోటనే పెట్టాక మూడో రోజుకి దిగింది. తవ్వే చోటు అది ముందే ఎంచుకుని ఉంటుంది, మనం అక్కడికి పెట్టె తీసుకెళ్లాలి. అలవాటైన తర్వాత రోజుకి కొంచెం చొప్పున జరుపుకోవచ్చు. ఇంకా గీకే మూలలుంటే అక్కడ గడ్డితో అల్లిన చాప వేయండి, గీకినా కొరికినా మింగినా ప్రమాదం లేదు. తెల్లవారుజామున, సంధ్యవేళ అవి బాగా హుషారుగా ఉంటాయి, కాబట్టి పడుకునే ముందు పెట్టెలో కొత్తగా ఏదో ఒకటి దాచి ఉంచండి.

గోళ్లు కూడా చూడండి. పొడుగ్గా పెరిగిన గోరు కార్పెట్ దారంలో చిక్కుకుంటే మొదలు దాకా చీలిపోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి కత్తిరించాలి, నల్ల గోళ్లయితే వెనక నుంచి టార్చి వేస్తే రక్తనాళం ఎక్కడిదాకా ఉందో కనిపిస్తుంది.

చిన్నిగంతు:
అక్కా, కొరకడానికి ఏ కొమ్మలు ఇవ్వొచ్చు? మా ఇంట్లో మంచం కోళ్లు కొరుకుతోంది.

గడ్డిమోపు:
యాపిల్, విల్లో కొమ్మలు మంచివి తమ్ముడూ, మందు కొట్టని చెట్టువైతేనే. పీచ్, ప్లమ్, చెర్రీ, ఆప్రికాట్ లాంటి టెంక పండ్ల చెట్ల పచ్చికొమ్మలు వద్దు, వాటిలో సైనైడ్ పుట్టించే పదార్థాలు ఉంటాయి. సెడార్ చెక్క వద్దు. రంగు, వార్నిష్ వేసిన చెక్క ఏదీ వద్దు, అందుకే మంచం కోడుకి కూడా తొడుగు వేయాలి. కోళ్ల చుట్టూ మందపాటి అట్ట గొట్టం తొడిగితే చాలు, ఆ అట్ట అరిగిపోతే మార్చుకోవచ్చు.

కొత్తకుందేలు (ఐదు రోజుల తర్వాత):
అర్జెంటుగా చూడండి ఎవరైనా. కంచె కట్టాం, పెట్టె కూడా పెట్టాం, బాగుందనుకుంటుండగా నిన్న రాత్రి నుంచి దూది ఏమీ తినలేదు. పెంటికలు కూడా లేవు. మూలలో ముడుచుకుని కూర్చుంది, పళ్లు కొరుకుతున్న శబ్దం వస్తోంది. నిన్న మధ్యాహ్నం కార్పెట్ దారాలు కొన్ని నమిలింది. సాయంత్రం దాకా చూడమంటారా?

పశువైద్యవిద్యార్థి:
చూడొద్దు. ఇప్పుడే తీసుకెళ్లండి. పది పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు ఆగినా అది ఎమర్జెన్సీయే. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ముందుకే పోవాలి, మధ్యలో ఆగితే పేగుల కదలిక మొత్తం ఆగిపోతుంది. ముడుచుకుని గట్టిగా పళ్లు కొరకడం నొప్పికి గుర్తు. సిరంజితో బలవంతంగా ఏమీ పట్టకండి, అడ్డు ఏదైనా ఉందా లేదా అని డాక్టరు చూసేవరకు ఆగాలి. ఒళ్లు చల్లగా అనిపిస్తే గుడ్డ చుట్టి వెచ్చగా తీసుకెళ్లండి. దారాలు తిన్న సంగతి తప్పకుండా చెప్పండి.

రెండుచెవులు:
వెళ్లారా? ఏమైందో ఒక్క ముక్క రాయండి, అందరం చూస్తున్నాం.

కొత్తకుందేలు:
ఇప్పుడే ఇంటికి వచ్చాం. ఎక్స్‌రే తీశారు, అడ్డు లేదు, పేగులు మందగించాయి అన్నారు. చర్మం కింద సెలైన్ ఎక్కించారు, నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చారు, మెత్తగా కలిపిన ఆహారం సిరంజితో మూడు గంటలకోసారి పట్టమన్నారు. రాత్రి ఒంటిగంటకి నాలుగు పెంటికలు వేసింది. చిన్నవి, వంకరటింకరవి. వాటిని చూసి మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇచ్చేద్దాం అన్నది కూడా తనే. కార్పెట్ రాత్రికి రాత్రే చుట్టి పైన పడేశాం.

గడ్డిమోపు:
హమ్మయ్య. కార్పెట్ తీసేయడం మంచి పని. నున్నటి నేల మీద కాళ్లు జారతాయి, అక్కడక్కడా దారాలు ఊడిరాని పలుచటి నేత దుప్పట్లు వేయండి, వాటినీ నమిలి మింగుతోందంటే గడ్డి చాపలే శరణ్యం.

కొత్తకుందేలు (మూడు వారాల తర్వాత):
దూది బాగుంది. గడ్డి బాగా తింటోంది, పెంటికలు గుండ్రంగా పెద్దగా వస్తున్నాయి. రాత్రి ఊచల చప్పుడు పూర్తిగా పోయింది, ఇది నిజంగా నమ్మలేకపోతున్నాను. నన్ను చూసి పారిపోవడం కూడా మానేసింది.

కానీ కొత్త టెన్షన్ ఒకటి. మూడు రోజులుగా పెట్టెలో పిచ్చిపట్టినట్టు తవ్వుతోంది. నోటినిండా గడ్డి పట్టుకుని మీసాల్లా రెండు వైపులా వేలాడుతుంటే ఇల్లంతా తిరుగుతోంది, తీసుకెళ్లి పెట్టె మూలలో పేరుస్తోంది. ఈ రోజు పొద్దున చూస్తే తన ఛాతీ మీద, మెడ కింద వెంట్రుకలు తనే పీక్కుని అందులో పరిచింది. దగ్గరికి వెళ్తే గుర్రుమని ముందుకాళ్లతో కొట్టింది. జబ్బా ఇది?

రెండుచెవులు:
మీ మగకుందేలు ఆడదండి. అది గూడు కడుతోంది.

పశువైద్యవిద్యార్థి:
అవును, ఇది ఉత్తుత్తి చూలు లాగా ఉంది. మగ కుందేలు దగ్గర లేకపోయినా ఆడ కుందేలు శరీరం గర్భం వచ్చిందనుకుంటుంది. కుందేలుకి నిజం చూలైతే సుమారు 31 రోజులు, ఇది 16 నుంచి 18 రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఇక్కడికి రాకముందు, అంటే రెండు నెలల వయసు వరకు మగవాటితో కలిసి ఉందేమో అన్న అనుమానం అక్కర్లేదు, అప్పటికి ఈడు రాదు. అయినా ఒకసారి చూపించండి.

గూడు పీకేయకండి. పీకితే మళ్లీ వెంట్రుకలు పీక్కుని మళ్లీ కడుతుంది. ఎత్తుకోకండి, వీపు నిమరకండి. తింటోందా లేదా చూస్తూ ఉండండి, ఈ సమయంలో మేత తగ్గిస్తే మళ్లీ పేగుల సమస్య రావొచ్చు.

ఇక ఆపరేషన్ సంగతి. మగదైతే నాలుగు నెలలకి అటూ ఇటూగా, ఆడదైతే ఐదారు నెలలకి చేయిస్తారు. ఆడ కుందేళ్లలో తవ్వుడు, మన జాగా అనే పట్టుదల హార్మోన్ల వల్ల బాగా పెరుగుతాయి, అడవిలో కూడా బొరియలు ఎక్కువగా తవ్వేది ఆడవే. అంతకన్నా పెద్ద కారణం, ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకి మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ. ఇది తగ్గి, పాలు ఎండిపోయాక చేయించుకోవాలి. ఆ రోజు పొద్దున ఆకలితో ఉంచమని ఎవరైనా అంటే మళ్లీ అడగండి, కుందేళ్లని ఆపరేషన్‌కి ముందు పస్తు ఉంచరు. కుందేళ్లకి తరచుగా ఆపరేషన్లు చేసే డాక్టరునే వెతుక్కోండి.

కొత్తకుందేలు:
డాక్టరు చూశారు, ఆడదే. పేరు మార్చాల్సిన పనిలేదు, అదొక్కటి కలిసొచ్చింది. రెండు వారాలు ఆగి, తర్వాత ఇంకో మూడు వారాలకి ఆపరేషన్ పెట్టుకున్నాం.

తోటలోగూడు:
మధ్యలో వస్తున్నాను, నా కుందేళ్లు పగలంతా పెరట్లో ఉంటాయి. కంచె కింద నుంచి తవ్వుకుని రెండుసార్లు బయటపడ్డాయి. చుట్టూ రాళ్లు పేర్చాను, రాళ్ల పక్కన తవ్వాయి.

మూడోఅంతస్తు:
దీనికి నేను చెప్పగలను, మా తమ్ముడి ఇంట్లో ఇదే చేశాం. కంచె నుంచి లోపలి వైపుకి అడుగున్నర, రెండడుగుల వెడల్పున వెల్డ్ చేసిన గట్టి జాలీని నేల మీద పరిచి, కంచెకి గట్టిగా కట్టి, పైన మట్టి కప్పేశాం. కుందేలు కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, జాలీ తగలగానే ఆగిపోతుంది, రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. లేదంటే కంచెనే అడుగు లోతుకి పైగా పాతాలి. కోళ్లకి వేసే సన్న తీగ జాలీ వద్దు, పళ్లతో తెంపేస్తాయి. జాలీ పైకి తేలి ఉండకూడదు, గోళ్లు ఇరుక్కుంటాయి. రాత్రికి మాత్రం లోపలికి తీసుకురండి, లోపలి నుంచి తవ్వడం ఆపినా బయటి నుంచి తవ్వి వచ్చే జంతువులు ఉంటాయి.

తోటలోగూడు:
ఈ ఆదివారం అదే చేస్తాను. రాళ్లు మోసి నడుం పట్టేసింది, ముందే అడగాల్సింది.

కొత్తకుందేలు (మూడు నెలల తర్వాత):
ఏమైందో చెబుదామని వచ్చాను. ఆపరేషన్ బాగా జరిగింది, అదే రోజు సాయంత్రం కాస్త గడ్డి తింది. మొదటి మూడు వారాలు ఏ తేడా లేదు, అనవసరంగా చేయించామా అనిపించింది. నాలుగో వారం నుంచి మెల్లగా తగ్గింది. గుర్రుమనడం పోయింది. తవ్వడం పోలేదు, పోవాలని ఇప్పుడు నేను కూడా అనుకోవడం లేదు. పొద్దున్నే లేచి తన పెట్టెలో ఇరవై నిమిషాలు తవ్వుకుని, బయటికొచ్చి ఒళ్లు విదిల్చుకుని, నా మంచం పక్కన పడుకుంటుంది. అట్టపెట్టె నెలకి రెండు మారుస్తున్నాం.

ఒక్కటి మాత్రం ఇంకా ఉంది. నేను నేల మీద కూర్చుని చదువుకుంటుంటే వచ్చి నా ప్యాంటు అంచు గీకుతుంది, ఒక్కోసారి చిన్నగా కొరుకుతుంది కూడా. ఇది కూడా మాన్పించాలా?

గడ్డిమోపు:
అది తవ్వడం కాదు, మిమ్మల్ని పలకరించడం. జరుగు అంటోంది, లేదా నుదురు నిమరమంటోంది. కొరికితే నొప్పి పుట్టినట్టు ఒక చిన్న "అబ్బా" అనండి, పళ్లు ఎంత ఆనించాలో దానికి తెలుస్తుంది. గీకితే మాత్రం పుస్తకం పక్కన పెట్టి నిమరండి.

చిన్నిగంతు:
అక్కా, మాది పెట్టెలో ఇసుక ఒళ్లంతా పట్టించుకుని సోఫా ఎక్కుతోంది, ఏం చేయాలి?

గడ్డిమోపు:
పెట్టె గుమ్మం బయట ఒక మందపాటి గడ్డి చాప వేయి తమ్ముడూ, నాలుగు గంతులు దాని మీద వేస్తే చాలావరకు రాలిపోతుంది. అప్పటికీ సోఫా మీద పడుతుంటే ఇసుక తీసేసి కాగితాలు పోయి. దానికి కావాల్సింది కాళ్లకి పని, ఇసుకే కానక్కర్లేదు.